కుచ్చు లేని చండూలు

మా ఊరి తాలీం పుణ్యమా అని నా ముక్కు రెండుసార్లు విరిగింది. ఒకటి కుస్తీలో, ఒకటి పిట్ట కోసం. కుస్తీలో విరిగిన కథ ఇప్పటికీ మనవలకు చెబుతుంటాను. నాకు రెండింతలున్న పహిల్వాన్ని ఎత్తి కుదేస్తుంటే వాడి మోకాలు తగిలిందని. అది అబద్ధం. తాలీం గుమ్మం పొట్టిది, లోపల చీకటి, నేను పరుగెత్తుకుపోతున్నాను. తగిలింది గుమ్మమే. పిట్ట కోసం విరిగిన ముక్కు మాత్రం నిజంగా ఒక మనిషి పిడికిలితోనే విరిగింది. ఈ కథ ఆ ముక్కుది కొంచెం, ఇంకొకతని కుడిచేతిది ఎక్కువ.

నైజాం సాగరు కాలువ నీళ్ళు మా బాన్సువాడ చేలకు వచ్చి కొన్నేళ్ళయిన నాటి మాట. నాకు ఇరవై దాటాయి. మాది బీడీల దుకాణం. తెల్లవారగానే తాలీంకు పోయి మట్టిలో పొర్లడం, పగలంతా తునికాకు కత్తిరించడం. తాలీం అంటే కుస్తీలు నేర్పే కొట్టు. నడుమ గోదా, అందులో పసుపూ నూనే మజ్జిగా కలిపి తొక్కిన ఎర్రమట్టి, ఒక మూల సిందూరం పూసిన ఆంజనేయుడు. మాకు పట్లు నేర్పే వస్తాదు చెవులు రెండూ కుస్తీల్లో నలిగి నలిగి ఎండు పుట్టగొడుగుల్లా ఉండేవి. మాట్లాడేది తక్కువ, కొట్టేది ఎక్కువ. గోదాలో దిగిన ప్రతివాడికీ ముందు ఒక చెంపదెబ్బ, ఆ తర్వాతే పట్టు నేర్పడం. "నిద్ర ఇడుస్తది" అనేవాడు. నా నిద్ర చాలా పొద్దుల్లో వదిలింది.

ఆ మనిషికి పిట్టలంటే పిచ్చి అంటే ఎవరూ నమ్మరు. పిట్టలంటే కాదు, ఒకే ఒక్క పిట్ట అంటే. చండూలు. మా దిక్కు వస్తాదులకు అది పరువు. జాతరలో రెండు తాలీంలు తలపడితే, కుస్తీలకు ముందు రెండు పంజరాలను ఎదురెదురుగా పెట్టి మీది నల్లగుడ్డ లేపుతారు. ఏ చండూలు ముందు కూస్తే ఆ తాలీం వాళ్ళు ముందు గోదాలో దిగి, తొడగొట్టి, తమకు నచ్చినవాణ్ణి పిలుస్తారు. ముందు దిగినవాడిదే సగం గెలుపని అందరి నమ్మకం.

అంత పరువున్న పిట్ట చూడ్డానికి ఎలా ఉంటుందంటే, ఎలాగూ ఉండదు. ఆడ పిచ్చుకకు కాస్త పెద్దక్క. ఒళ్ళంతా మట్టిరంగు, రొమ్ము మీద ఎవరో చీపురుపుల్లతో గీసినట్టు నల్లని చారలు. బీడు నేలలో మట్టిపెడ్డ మీద కూర్చుంటే పెడ్డకూ దానికీ తేడా తెలియదు. దాన్ని పట్టించేది నెత్తిమీది కుచ్చు ఒక్కటే. మనసులో ఏదైనా కదిలితే అది నిక్కుతుంది. కుచ్చుంటే చండూలు, లేకుంటే చేన్లో ఎగిరే ఏదో ఒక పిట్ట. మా దిక్కున పెద్దాచిన్నా అందరికీ తెలిసిన శాస్త్రం అంతే.

వాటిని పట్టి తెచ్చేవాడు మరాఠీ ఊళ్ళకు ఆనుకున్న డోంగ్లి దిక్కు మనిషి. నాకన్నా పదేళ్ళు పెద్ద. తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో తిట్టి, మళ్ళీ తెలుగులోకి వచ్చేవాడు. మా బీడీలంటే అతనికి ఇష్టం, డబ్బులివ్వడం అంటే కాదు. నన్ను వెక్కిరింపుగా సేటూ అని పిలిచేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. అబద్ధాలలో నాకు గురువు. పిచ్చుకలకు పసుపు పూసి ఆడవాళ్ళకు బంగారుపిట్టలని అమ్మేవాడు. ఒక బట్టల దుకాణం ఆయనకు ఆడ పిచ్చుకను చండూలని అంటగట్టి, "ఇంకా పిల్లది, కుచ్చు వానలకు మొలుస్తది" అని చెప్పి వచ్చాడు. ఆయన రెండు వానాకాలాలు చూశాడు.

మా వస్తాదుకు కావలసిన చండూలును పట్టిన రోజు నేను అతని పక్కనే ఉన్నాను. కాలువ వచ్చాక మా చుట్టూ వరీ చెరుకూ అయిపోయి ఎండు నేల మిగలలేదు. చండూలుకు తడి పడదు. అందుకని డోంగ్లి దిక్కు బీళ్ళకు పోయాం. ఆ పిట్టను మొదట చూసింది నేనే, ఫర్లాంగు దూరం నుంచి కనిపెట్టాను అని ఊళ్ళో చెప్పుకున్నాను. జరిగింది ఇదీ.

ఇద్దరం బోర్ల పడుకుని ఉన్నాం. ముందు వల పరిచి ఉంది. వల పక్కన, కాలికి దారం కట్టిన పెంపుడు పిట్ట అడవి పిట్టలను పిలుస్తోంది.

"కనవడ్డదా, సేటూ?" అన్నాడు గుసగుసగా.

"ఆఁ, కనవడ్డది."

"ఏడ?"

"గా పొద కాడ."

"పొద కాడ నా చెప్పున్నది. పిట్ట గా పెడ్డ మీద ఉన్నది, సూడు."

చూశాను. పెడ్డ మీద పెడ్డ. ఎంతసేపు చూసినా పెడ్డే. ఉన్నట్టుండి పై పెడ్డకు కుచ్చు లేచింది. అప్పుడు కళ్ళూ ముక్కూ కాళ్ళూ ఒక్కసారే మొలిచాయి. అది పెంపుడు పిట్ట మీదికి పొట్లాటకు గునగునా పరుగెత్తుకుంటూ వచ్చింది. అతని మణికట్టు కదిలింది. లాగడం కాదది, పాము నాలుక ఆడించినట్టు ఒక్క విదిలింపు. వల రెండు రెక్కలూ టప్పున మూసుకున్నాయి. అతని బతుకంతా ఆ విదిలింపులోనే ఉంది. నేనూ ప్రయత్నించాను కానీ, నా వల మూసుకునే లోపల పిట్ట ఇంటికి పోయి పిల్లలకు మేత పెట్టి రాగలదు.

వస్తాదు మురిసిపోయాడు. వేయించిన శనగపిండిలో నెయ్యి కలిపి పెట్టాడు. మిడతలు పట్టే పని మాకు అప్పజెప్పాడు. పిట్ట నాలుగు రోజులకే కూత ఎత్తుకుంది. బావి గిలక కిర్రుమనడం, గొర్లకాపరి ఈల, గద్ద అరుపు, అన్నీ కలిపి పాడేది. మేము తొడలు చరుచుకుంటే మనిషిలా నవ్వేదని అందరితో అన్నాను. నవ్వలేదు. గిలక మాత్రం నిజం.

తర్వాత ఒక పిల్లి వచ్చి పంజరం మీది గుడ్డ కప్పు చింపింది. పిట్ట బతికింది. పిల్లి బతకలేదు, వస్తాదు దాని తోక పట్టి గోడకేసి కొట్టాడు. మరునాడు వడ్రంగిని పిలిపించి టేకు పంజరం చేయించాడు. మీద మందపాటి పలక, దానికి ఇత్తడి మొలలు. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది. పిట్టల మనిషి కూడా వచ్చి చూశాడు.

"వస్తాద్, గా పలక తీయ్. గుడ్డ కట్టు. గిది నిట్టనిలువు పైకెగిరే పిట్ట. నెత్తి కొట్టుకుంటది" అన్నాడు.

వస్తాదు అతని చెంప పగలగొట్టాడు. "పది మంది మెచ్చిన పంజరానికి నువ్వు వంకలు వెడ్తవా?"

ఆ తర్వాత పలక మాట ఎవరూ ఎత్తలేదు. పొద్దున్నే మా దండీల నడుమ, ఉస్సు బుస్సుల నడుమ, పంజరంలోంచి టక్, టక్ అని వినబడేది. తెల్లవారగానే ఆకాశానికి లేవడం ఆ పిట్ట పుట్టుక. లేచినప్పుడల్లా పలక దాని నెత్తిన మొట్టేది. గోదాలో మా పనీ అదే కనుక మాకు వింతగా తోచలేదు. వానలు వెళ్ళేసరికి పంజరం అడుగున సన్నని ఈకలు రాలడం మొదలైంది. చలికాలానికి నెత్తి బోడై, పుండు కట్టి, పొక్కు కట్టి, మళ్ళీ పుండు కట్టింది. కూత ఆగిపోయింది. గుడ్డ లేపి మేత పెట్టేవాణ్ణి నేను. చూసినవాణ్ణి నేను. వస్తాదు ఆ చీకటి కొట్టులో అంత దగ్గరికి వంగి చూసింది లేదు. కూయడం లేదేమని అడిగితే, "చలికి" అన్నాను.

శివరాత్రి వెళ్ళాక బిచ్కుంద జాతర. అక్కడి తాలీం వస్తాదు మా వస్తాదుకు స్వయానా చెల్లెలి మొగుడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు, ఆ పిలుపులో పళ్ళు నూరడం వినబడేది. పంజరాలు ఎదురెదురుగా పెట్టారు. చుట్టూ జనం. ఒక పక్క చిన్న కుస్తీలకు బహుమతిగా ఇచ్చే కొబ్బరికాయల కుప్ప, ఒక పక్క చివరి కుస్తీకి ఇచ్చే వెండి కడెం.

గుడ్డలు లేపారు. బిచ్కుంద చండూలు కుచ్చు నిక్కించి గొంతు విప్పింది. మాది ఒక మూల నక్కి కూర్చుంది. బిచ్కుంద బావ మా పంజరం మీదికి వంగి, చాలాసేపు చూసి, జనం దిక్కు తిరిగాడు.

"ఏం బావా, గుండు పిట్టను తెచ్చినవు? మీ తాలీంల మంగలి పని గూడ నేర్పుతున్నరా?"

జనం గొల్లుమన్నారు.

"చండూల్ బావా అది" అన్నాడు మా వస్తాదు. ఆయన కూడా అప్పుడే వెలుగులో దాని నెత్తి చూశాడు.

"గిది చండూలైతే నేను ఏనుగును. చేన్ల పిట్టను పట్టి చండూలని నీ చేతుల పెట్టిండు వాడెవ్వడో. తీసుకొని నువ్వు ఇన్ని దినాలు నెయ్యి తినిపిస్తున్నవు. నా చెల్లె ఉంటే మీ ఇంటికియ్యకపోదును బావా, గింత అమాయకులు మీరు!"

మా వస్తాదు తలతో బావ మొహాన గుద్దాడు. తర్వాత ఏం జరిగిందో ఎవరికీ పూర్తిగా తెలియదు. రెండు తాలీంలూ కలబడ్డాయి. కొబ్బరికాయలు గాలిలో లేచాయి. ఒకడి పళ్ళు రాలాయి, ఒకడి భుజం జారింది. పంజరాలకు అడ్డంగా పడ్డ ముసలాయన పక్కటెముకల మీద ఎవరో నిలబడి కొట్టుకున్నారు. నేను నలుగురిని పడగొట్టాను. అంటే, ఒక కొబ్బరికాయ విసిరాను. అది మా తాలీం వాడి వీపుకే తగిలి, వాడు తూలి, వాడి మీద ముగ్గురు పడ్డారు. ఎవడు విసిరాడో చూడ్డానికి తిరిగిన బిచ్కుంద పహిల్వాను ఒకడు నన్ను చూశాడు. ముక్కు కథ అదీ.

బండిలో తిరిగి వచ్చాం. వస్తాదు ఊరు చేరగానే తాలీంకు పోయి, గోదా మట్టి చేతిలోకి తీసుకుని ఆంజనేయుడి ముందు నిలబడ్డాడు.

"ఏ చేత్తోటి వాడు గీ పిట్టను నా చేతుల పెట్టిండో, గా చెయ్యి ఇరగ్గొడ్త. ఇగ వాడు వల గుంజడు."

మట్టి పట్టి ఒట్టు పెడితే ఆయన వెనక్కి తీసుకోడు. తెచ్చిననాడు తాను చూసిన కుచ్చు కూడా ఏదో కనికట్టేనని అప్పటికే తేల్చుకున్నాడు. పిట్టలు పట్టేవాడికి కుడి మణికట్టు పోతే మిగిలేది అడుక్కునే చెయ్యే. పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు, ఒక వల, అంతే అతని ఇల్లు. అతనిది తప్పు కాదని ఊళ్ళో తెలిసింది నాకొక్కడికే. వలలో పడకముందే, బీడులో కుచ్చు లేవడం నా కళ్ళతో చూశాను కదా.

మా వాళ్ళు ఇద్దరు పోయి అతన్ని డోంగ్లి దిక్కు నుంచి పట్టుకొచ్చారు. వచ్చేటప్పుడే ఒక కన్ను మూసుకుపోయి ఉంది. పొద్దున్నే గోదాలో పడేసి, ఒకడు వీపు మీద కూర్చున్నాడు, ఒకడు కుడి చేతిని చాపి, మేము కసరత్తుకు తిప్పే కర్ర ముద్గరం మీద అడ్డంగా పెట్టాడు. మణికట్టు కింద ఖాళీ. పై నుంచి ఒక్క తొక్కు తొక్కితే చాలు.

అప్పుడు నేను ముందుకు దూకి, "వస్తాద్! తప్పు పిట్టది కాదు, పట్టినోనిది కాదు, నీ పలకది!" అని తాలీం అదిరేలా అరిచాను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానంటే, అరిచినట్టు నాకే గుర్తుంది. అరవలేదు. "వస్తాద్, ఓపాలి..." అన్నాను. ఆయన తల తిప్పి చూశాడు. నేను వంగి లంగోటి సర్దుకున్నాను.

అతన్ని కాపాడింది అతని నోరే.

"దొంగనే వస్తాద్! నేను దొంగనే!" అని మట్టిలోంచి అరిచాడు. "బట్టల సేటుకు పిచ్చుకను అమ్మిన! పసుపు పూసినవి ఎన్నో అమ్మిన! గని నీకిచ్చింది అసలుది. నిన్ను మోసం జేసి గీ దిక్కుల బతుకుతనా నేను? మోసం జేసింది నీ బావను!"

వస్తాదు కాలు ఆగింది.

"బావనా?"

"నీ బావనే! గా బిచ్కుంద పిట్ట ఉత్త చేన్ల పిట్ట. కుచ్చు నేనే అతికిచ్చిన. తుమ్మబంక తోటి. గుంజి సూడు, ఊడి చేతికి రాకుంటే అప్పుడు ఇరగ్గొట్టు!"

వస్తాదు మొహం మెల్లగా వెలిగింది. ఆ వెలుగు ఆయన ఎవరి కాలైనా మెలిపెట్టేటప్పుడు మాత్రమే చూసేవాళ్ళం.

"బండి కట్టుండ్రి" అన్నాడు.

బండిలో పిట్టల మనిషి చేతులు వెనక్కి కట్టి నా పక్కన కూర్చోబెట్టారు. నా ఒళ్ళో మా పంజరం. వస్తాదు ముందు కూర్చుని ఎడ్ల తోకలు మెలిపెడుతున్నాడు. నేను వంగి అడిగాను.

"అన్నా, బంక ముచ్చట నిజమేనా?"

"యాడిది నిజం? గా పిట్టను వాళ్ళకు అమ్మింది నేను కానే కాదు."

"మరి ఎట్ల?"

"బిచ్కుంద దాంక చెయ్యి ఉంటది గద, సేటూ" అన్నాడు. తర్వాత దారి పొడుగునా అతని పెదాలు కదిలాయి, మరాఠీలో దేవుణ్ణి పిలుస్తున్నాడో తిడుతున్నాడో తెలియదు.

బిచ్కుంద బావ తన వాకిట్లో, వాచిన మూతితో కూర్చుని, పంజరానికి కొత్త గుడ్డ కడుతున్నాడు. లేచి నిలబడేలోపే మా వాళ్ళు ఇద్దరు ఆయన చేతులు పట్టుకున్నారు. మా వస్తాదు పంజరంలో చెయ్యి పెట్టి పిట్టను బయటికి తీశాడు. అది కుచ్చు నిక్కించి ఆయన బొటనవేలిని పొడుస్తోంది.

"బంక కుచ్చు పెట్టి నా పరువు దీస్తవా, బావా?" అని, రెండు వేళ్ళతో కుచ్చు పట్టి లాగాడు.

ఊడలేదు. ఇంకా గట్టిగా లాగాడు. ఊడింది. ఊడినదాని మొదట్లో తోలుంది, తోలు కింద నెత్తురుంది. పిట్ట ఒక్కసారి మాత్రం కీచుమంది. అంత చిన్న దానిలోంచి అంత పెద్ద శబ్దం నేను మళ్ళీ వినలేదు. ఇందులో కొలత పెంచడం లేదు.

బంక లేదని అందరికీ తెలిసిపోయింది. మా వస్తాదు చేతిలో ఈకలు పట్టుకుని, మెల్లగా పిట్టల మనిషి దిక్కు తిరిగాడు. అతను బండి చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి కనుక దండం పెట్టడానికి కూడా లేదు.

"బంకనా?" అన్నాడు వస్తాదు. మెల్లగా అన్నాడు. "నా చేత ఆడిబిడ్డ ఇంట్ల పాపం చేయిస్తివి గదరా."

సరిగ్గా అప్పుడు ఆయన చెల్లెలు లోపల్నుంచి వచ్చింది, పిండి చేతులతో. వాకిట్లో అందర్నీ ఒక్క చూపు చూసి, తిన్నగా అన్న దగ్గరికి పోయి ఆయన గుప్పిట్లోంచి పిట్టను లాక్కుంది. నెత్తి మీది నెత్తురు కొంగుతో అద్దింది. తర్వాత నా ఒళ్ళో పంజరం దిక్కు చూసింది.

"అన్నా. గటు జూడు."

"ఏంది?"

"కండ్లున్నయా, కుస్తీలల్ల పోయినయా? నీ దాన్ని బయటికి తీయ్. రెండింటిని పక్కపక్కకు వెట్టు. ఏది నీది, ఏది మాది, చెప్పు సూద్దాం."

నేను మాదాన్ని తీసి ఆమె అరచేతి పక్కన నా అరచేతిలో పట్టుకున్నాను. రెండు బోడి పిట్టలు. ఒకే మట్టిరంగు, ఒకే చారలు, అదే కాస్త వంగిన ముక్కు. మేమంతా వంగి చూశాం, బావను పట్టుకున్నవాళ్ళు కూడా వదిలేసి వచ్చి చూశారు. ఆ రెండూ ఒకే జాతని మొదట తేల్చింది నేనని కొన్నాళ్ళు చెప్పుకున్నాను కానీ, మీరే చదివారు, తేల్చింది ఆమె. నేను చేర్చింది ఒక్కటే. "వెనక గోరు సూడుండ్రి, పిచ్చుకకు గింత పొడుగు ఉండది. నేను అక్కడున్న వస్తాద్, పట్టిననాడు. కుచ్చు ఉండె. నా కండ్ల తోటి సూసిన." ముక్కు వాచి ఉండటంతో ఆ మాటలు కూడా సగమే పలికాయి.

"మరి కుచ్చేమాయె?" అన్నాడు వస్తాదు.

జవాబు చెల్లెలే చెప్పింది. "మా పంజరానికి మీద గుడ్డ ఉన్నది. నీ దానికి పలక ఉన్నది. ఎగిరేటిదాన్ని పలక కింద పెడ్తే నెత్తి పగలక ఏమైతదే అన్నా? మాదాని కుచ్చు నువ్వు గుంజినవు, నీదాని కుచ్చు నీ పలక గుంజింది. రెండు నీ చేతులే."

మా వస్తాదును అలా నిలబెట్టి మాట్లాడినవాళ్ళను నేను చూడలేదు. ఆయన పంజరం అందుకుని, పలక అంచున వేళ్ళు పెట్టి, ఇత్తడి మొలలతో సహా పెళ్ళగించాడు. వేళ్ళు చీరుకుపోయి నెత్తురు కారింది. తర్వాత పిట్టల మనిషి దగ్గరికి పోయి కట్లు విప్పాడు.

"నీది అసలు పిట్టనే. నీ చెయ్యి నేను ముట్ట" అన్నాడు.

అతను లేచి నిలబడ్డాడు. కుడి మణికట్టు రుద్దుకుంటూ, నా దిక్కు చూసి ఒక కన్నుతో నవ్వాడు కూడా. అందరం బిచ్కుంద బావను మరిచిపోయాం.

"నా పిట్టకు బంక వెట్టిన్నంటివా?" అని ఆయన గొంతు వినబడింది.

"అది... బావగారూ..." అని అతను మొదలుపెట్టాడు. బావ ఆ మణికట్టును రెండు చేతులతో అందుకున్నాడు. మేమంతా రోజూ నేర్చుకునే పట్టే. గోదాలో ఒక హద్దు దగ్గర ఆపుతాం, నేల చరిచి ఓడానని చెబుతాం. అతను కుస్తీలవాడు కాదు, చరచాలని తెలియదు. చరిచినా ఆయన ఆపేవాడు కాదు. ఎండు చెరుకు విరిచినట్టు వినబడింది.

నేను అడ్డం పడబోయాను. పడబోయాను అనేది కూడా ఎక్కువే. నా రెండు చేతుల్లో పిట్ట ఉంది, దాన్ని వదిలితే పోతుందని నిలబడిపోయాను. మా వస్తాదు చేతులు ఖాళీగానే ఉన్నాయి. ఆయనా కదల్లేదు. బావ వాకిలి, బావ పిట్ట, బావ కోపం. అందులో న్యాయం ఉందనుకున్నాడు. "నేను ముట్ట" అన్నాడు కానీ, "ఎవర్నీ ముట్టనియ్య" అనలేదు.

"మేలో రే! మేలో!" అని, చచ్చానని మరాఠీలో అరుస్తూ అతను వాకిట్లో పొర్లుతున్నాడు. చెయ్యి మణికట్టు దగ్గర వంకర తిరిగింది.

అప్పుడు కదిలాడు మా వస్తాదు. కీళ్ళు సరిచేయడం, ఎముకలు అతికించడం వస్తాదుల విద్యే. ఊళ్ళో ఎవరికి ఏది విరిగినా దవాఖానకు పోయేవాళ్ళు తక్కువ. "గుడ్లు తే, పసుపు తే, నల్లేరు తే" అని చెల్లెల్ని కేకేశాడు. వెదురు బద్దలు బావ చేతే చీల్పించాడు. విరగ్గొట్టినవాడు బద్దలు చీలుస్తుంటే, ముక్కు పోయిన నేను తల పట్టుకుంటే, వస్తాదు పాదం అతని చంకలో పెట్టి చేతిని లాగాడు. అతను వస్తాదు ఏడు తరాలనూ, బావ ఏడు తరాలనూ, తీరిక చూసుకుని నా తరాలనూ తిట్టాడు. ఎముక జరిగి చోటికి పడినప్పుడు సొమ్మసిల్లాడు.

"నిలుస్తదా?" అని అడిగాను.

"ఎముక నిలుస్తది. విదిలింపు ఆంజనేయుని దయ" అన్నాడు వస్తాదు.

కట్టు ఉన్నన్నాళ్ళూ అతన్ని మా తాలీంలోనే ఉంచాడు. అతని ఇంటికి జొన్నలు పంపాడు. నేను బీడీలు ఇచ్చాను, ఊరికే, ఎప్పటిలాగే. రెండు పిట్టలూ బతికాయి. బిచ్కుంద పిట్ట ఆ ఏడు కూయలేదు. మాది మాత్రం గుడ్డ కప్పు కింద ఒక పొద్దున ఉన్నట్టుండి గిలక కిర్రుమనిపించింది. గోదాలో ఉన్నవాళ్ళం ఒకరి గొంతు ఒకరం వదిలేసి విన్నాం.

ఉగాది వెళ్ళాక కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, మణికట్టు ఒక పక్కకు ఒరిగి ఉంది. ముగ్గురం వల తీసుకుని బీడుకు పోయాం. వస్తాదు అంత లావు మనిషి నేల మీద బోర్ల పడుకుంటే దూరం నుంచి గుట్టలా కనిపించి ఉంటుంది. అయినా ఒక పిట్ట వచ్చింది. పెడ్డ మీద వాలింది. కుచ్చు ఉందో లేదో ఎండలో నాకు ఆనలేదు. అతను తాడు పిడికిలికి చుట్టుకున్నాడు. పిట్ట వల అంచుకు వచ్చింది.

మొదటి విదిలింపుకే పట్టాడని, వస్తాదు లేచి అతన్ని భుజాన ఎత్తుకున్నాడని మా బీడీల దుకాణంలో చెప్పాను. అక్కడ విన్నవాళ్ళకు కన్నీళ్ళు వచ్చాయి. అసలు వల ఒక రెక్క మాత్రమే లేచింది. రెండో రెక్క ఆలస్యంగా, ముసలి ఆవు లేచినట్టు లేచింది. పిట్ట రెండింటి నడుమ నుంచి నింపాదిగా పైకి పోయింది.

అతను తాడు చుట్టుకున్న పిడికిలిని చూసుకుంటున్నాడు.

"ఏం పిట్ట అది?" అన్నాడు వస్తాదు చివరికి.

"తప్పించుకపోయినయన్ని చండూల్లే, వస్తాద్."

వస్తాదు నవ్వలేదు. ఆ ఒరిగిన మణికట్టును ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలితో కీలు వెతికి, "ఇంక గింత బిగుసుక ఉన్నది, పండ్లు బిగవట్టు" అని నొక్కాడు. అతను పెట్టిన కేకకు బీడులో ఆ చివరి దాకా పెడ్డలన్నీ పిట్టలై లేచిపోయాయి.